మనతో ఎవరికో పని పడినప్పుడు

(ఆదివాసీ దినోత్సవ యువజన సభలో ఒక వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 వెనకాల చెట్టు కింద నిలబడి ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లూ, మీరు అక్కడే ఉండండి, పరవాలేదు. మైకు గట్టిగానే ఉంది.

సంఘం వాళ్లు నాకు ఇచ్చిన అంశం 'కష్టాల్లో అంతఃశక్తిని, జీవిత లక్ష్యాన్ని కనుగొనడం'. కాగితం మీద చదివితే చాలా బాగుంది. రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి, రేపు సభలో దీని గురించి మాట్లాడాలమ్మా అన్నాను. అమ్మకు బడి చదువు లేదు. అంతఃశక్తి అనే మాటను కోయలో ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. మనిషికి కష్టం వస్తే లోపల దాగి ఉన్న బలం బయటికి వస్తుందట, దాని గురించి చెప్పమన్నారు అని తిప్పి తిప్పి చెప్పాను. అమ్మ కాసేపు ఆగి, "బలం ఊరికే ఎందుకొస్తది? ఎవరికి ఏం పని పడింది?" అని అడిగింది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ప్రశ్న గురించే.

ఇలాంటి సభల్లో ఒక మాట తరచుగా వింటాం. కష్టాలు మనిషిని రాటుదేలుస్తాయి, కష్టపడ్డవాడే పైకొస్తాడు అని. నేను 20 ఏళ్లుగా పిల్లలతో ఉంటున్నాను. మొదట టీచర్‌గా, తర్వాత టీచర్‌గా వార్డెన్‌గా రెండూ. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకసారి మా డార్మిటరీకి రండి. గోడ వారగా ట్రంకు పెట్టెలు వరసగా ఉంటాయి. కొన్నింటికి తాళం అట్లాగే ఉంటుంది. పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, తరగతి రాసి ఉంటాయి. పిల్ల రాదు. ఫిబ్రవరిలో కూడా రాదు. ఏమైందని ఊరికి వెళ్లి కనుక్కుంటే ఒకామె మిరపకాయ కోతలకు పోయి ఉంటుంది. ఇంకొకామె తల్లికి జబ్బు చేస్తే చంటి తమ్ముణ్ని చూసుకుంటూ ఆగిపోయి ఉంటుంది. ఇంకొకామెకు 15 ఏళ్లకే పెళ్లి మాటలు నడుస్తుంటాయి.

ఆ పిల్లలకు కష్టాలు తక్కువా? చాలా ఎక్కువ. మరి ఆ కష్టం వాళ్లను రాటుదేల్చిందా? లేదు, మింగేసింది. పైకొచ్చిన ఒక్కరిని వేదిక మీద నిలబెట్టి, చూడండి, కష్టం వల్లే ఈ అమ్మాయి ఇంతదైంది అని చప్పట్లు కొడితే, రాలేని వాళ్లంతా సరిగ్గా ప్రయత్నించలేదని చెప్పినట్టే అవుతుంది. అది అబద్ధం. ఆ ట్రంకు పెట్టెలు చూసిన మనిషిగా ఆ అబద్ధం నేను చెప్పలేను.

ఇంకో సంగతి. మన కష్టాల్లో చాలా భాగం దేవుడు పెట్టినవి కావు. వాగు మీద వంతెన లేకపోవడం కష్టమే. కులం సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరగడం కష్టమే. నొప్పులు పడుతున్న ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకు రావడం కష్టమే. ఇవి మన బలాన్ని పెంచుతాయని దాచుకునేవి కావు. అర్జీ పెట్టి, వెంటపడి, పోగొట్టుకోవాల్సినవి. మనకు డోలి అనే వాద్యం ఉంది, రోగిని మోసే డోలీ ఉంది. మొదటిది ఉండాలి, రెండోది పోవాలి. అంతే.

అయితే మరి బలం ఎక్కడి నుంచి వస్తుంది? నాకు తెలిసినవి చెబుతాను.

మాలావత్ పూర్ణ పేరు మీ అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల లేదు. ఆమెతో పాటు ఎక్కినవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, అప్పటి మన ఖమ్మం జిల్లా పిల్లాడు. ఇద్దరూ గురుకులాల్లో చదివినవాళ్లే. ఆమె లంబాడీ అమ్మాయి అని వెనక ఎవరో గొణుగుతున్నట్టున్నారు. మనకూ వాళ్లకూ మధ్య ఉన్న పేచీలు నాకూ తెలుసు, వాటికి వేరే సభలున్నాయి. ఇవాళ్టికి ఆమె హాస్టల్లో చదివిన ఒక కూలీల ఇంటి ఆడపిల్ల. నాకు అది చాలు.

ఈ కథను మీకు ఎట్లా చెబుతారు? పేదింటి పిల్ల, గుండె ధైర్యం ఉంది, శిఖరం ఎక్కేసింది అంటారు. మధ్యలో జరిగింది వదిలేస్తారు. అసలు సంగతి ఆ మధ్యలోనే ఉంది. ముందు భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్పారు. ఆ రాయి మీద చాలామంది పిల్లలున్నారు, పూర్ణ వాళ్లలో ఒకతె. అక్కడ బాగా చేసిన వాళ్లను డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకు పంపారు. తర్వాత లద్దాఖ్ చలిలో ఉంచి అలవాటు చేశారు. బచినేపల్లి శేఖర్ బాబు అనే కోచ్ వెంట ఉన్నాడు. గురుకులాల కార్యదర్శిగా ఉన్న పోలీసు అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఆ పిల్లల మీద నమ్మకం పెట్టి పంపారు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లను ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. వాళ్లు ఆ ప్రయాణంలో ఉండగానే ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ గైడ్లు చనిపోయారు. అయినా వీళ్లు ముందుకే వెళ్లారు. మొత్తం 52 రోజుల యాత్ర. శిఖరం మీద జాతీయ జెండాతో పాటు అంబేద్కర్ ఫొటో, ఎస్.ఆర్. శంకరన్ గారి ఫొటో పట్టుకున్నారు. శంకరన్ గారు ఎవరో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. దళితుల, ఆదివాసుల పిల్లలకు హాస్టళ్లు, గురుకులాలు రావడానికి జీవితమంతా పనిచేసిన ఐఏఎస్ అధికారి. మీరు ఇవాళ మధ్యాహ్నం తిన్న అన్నంలో కూడా ఆయన వాటా కొంత ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక రాయి, ఒక తాడు, ఒక కోచ్, మూడు చోట్ల శిక్షణ, వెనక నిలబడ్డ ఒక పెద్ద మనిషి, పక్కన ఎక్కుతున్న ఒక తోటి పిల్లాడు. పూర్ణ లోపల బలం లేదని నేను అనడం లేదు. అది లేకపోతే ఇవన్నీ ఉన్నా ఎక్కేది కాదు. కానీ భువనగిరి రాయి దగ్గరికి తీసుకుపోయిన వాళ్లు లేకపోతే ఆ బలం ఉందన్న సంగతి ఆమెకు తెలిసే దారి ఏది? పాకాల పొలాల్లో నాట్లు వేస్తుంటే ఎవరెస్టు బలం ఎట్లా బయటపడుతుంది? ఆ తర్వాత ఆమె ఏడు ఖండాల శిఖరాలు ఒక్కొక్కటే ఎక్కి, 2022లో పూర్తి చేసింది. ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్ల గురించి ఎవరూ పాటలు కట్టలేదు గానీ, నాకు అవే ఇష్టం.

సరే, అది పెద్ద కొండ కథ. ఇప్పుడు మన గోదావరి కథ చెబుతాను. ఇది మా హాస్టల్లో జరిగింది, నేను దగ్గరుండి చూసింది.

2022 జూలై మీరు మరిచిపోయి ఉండరు. భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి ఇస్తారు. ఆ నెల 16న నీటిమట్టం 71.3 అడుగులకు వచ్చింది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే 1986 వరద 75.6 అడుగులు. దాని తర్వాత ఇంత నీళ్లు ఎప్పుడూ రాలేదు. బడులకు సెలవులిచ్చారు. ఊళ్లే నీళ్లలో ఉంటే పిల్లలు ఏ ఊరికి పోతారు? 30 మంది దాకా హాస్టల్లోనే ఉండిపోయారు. మా హాస్టల్ కొంచెం మెరక మీద ఉంది కాబట్టి దాన్నే పునరావాస కేంద్రం చేశారు. రెండు రోజుల్లో లోతట్టు గూడేల నుంచి ట్రాక్టర్ల మీద, పడవల మీద మనుషులు వచ్చారు. ముసలివాళ్లు, బాలింతలు, కోళ్లు, మేకలు. మా వంట మనిషి, కామాటీ, నేను, ఆ 30 మంది పిల్లలు. ఇదీ మా సైన్యం.

ఆ పిల్లల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పను, చెబితే నా మీద అలుగుతుంది. వాళ్ల ఊరు అడవి లోపలికి ఉంటుంది. ఇంట్లో కోయ తప్ప వేరే మాట లేదు. ఆరో తరగతిలో చేరినప్పుడు తెలుగు సరిగ్గా రాదు. పాఠం అప్పజెప్పమంటే నిలబడి ఊరుకునేది. నోరు తెరిస్తే యాస విని పక్క పిల్లలు నవ్వేవాళ్లు. అందులో మన పిల్లలూ ఉన్నారు, రోడ్డు పక్క ఊళ్ల వాళ్లు. కోయ మరిచిపోయిన కోయ పిల్లలు కోయ వచ్చిన పిల్లను చూసి నవ్వడం. దీని గురించి నేను వేరేగా ఒక గంట మాట్లాడగలను, ఇవాళ వదిలేస్తున్నాను. మొత్తానికి తొమ్మిదికి వచ్చేసరికి ఆ పిల్ల మాట్లాడటమే మానేసింది. టీచర్లు ఆమె పేరు దగ్గర 'మందకొడి' అని రాసేవాళ్లు.

వరద వచ్చిన మూడో రోజు వైద్య శిబిరం పెట్టారు. డాక్టర్ బయటి జిల్లా ఆయన, మంచివాడు, చిన్న వయసు. ఎదురుగా వరసలో ముసలమ్మలు. వాళ్లకు కోయ తప్ప రాదు. ఆయన విరేచనాలు ఎప్పటి నుంచి అని అడుగుతాడు, ఆమె ఇంకేదో చెబుతుంది. ఏఎన్‌ఎం వేరే క్యాంపులో ఉంది. నేను బియ్యం లెక్కల్లో ఉన్నాను. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ అమ్మాయి డాక్టర్ కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఎవరూ పిలవలేదు. ముసలమ్మ దగ్గర వంగి ఏదో అడిగింది, తర్వాత డాక్టర్ వైపు తిరిగి తెలుగులో చెప్పింది. ఆ వచ్చీరాని తెలుగులోనే. డాక్టర్ నవ్వలేదు. రాసుకున్నాడు. తర్వాత మనిషిని పిలిచాడు.

ఆ రోజు సాయంత్రం దాకా ఆ పిల్ల అక్కడే ఉంది. నేను రెండుసార్లు వెళ్లి చూశాను. మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకోమని డాక్టర్ చెప్పాడు. ఆ ముసలమ్మకు గడియారం తెలియదు. ఈ అమ్మాయి దాన్ని ఉన్నదున్నట్టు చెప్పలేదు. పొద్దు పొడిచినప్పుడు ఒకటి, పొద్దు నెత్తి మీదికి వచ్చినప్పుడు ఒకటి, పశువులు ఇంటికొచ్చే వేళకు ఒకటి అని చెప్పింది. మాత్రల పట్టీని కత్తిరించి, ముసలమ్మ చీర కొంగున మూడు ముడులు వేసి ఇచ్చింది. ఓఆర్‌ఎస్ పొట్లం ఎన్ని నీళ్లలో కలపాలో చెప్పడానికి లీటరు సీసా ఒకటి వెతికి తెచ్చి చూపించింది. ఈ తెలివి ఆమెకు నేను నేర్పలేదు, బీఈడీలో నాకూ ఎవరూ నేర్పలేదు.

వారం రోజులు ఆ శిబిరం నడిచింది. ఆఖరికి డాక్టర్ పొద్దున్నే వచ్చి, "మేడం, ఆ అమ్మాయి ఏది?" అని అడిగేవాడు. మూడేళ్లుగా నలుగురూ నవ్విన ఆ నోటితోనే అందరికీ పని పడింది.

ఇక్కడ కథను అందంగా ముగించవచ్చు. ఆ తర్వాత ఆమె క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకుందని చెప్పవచ్చు. తెచ్చుకోలేదు. పదో తరగతిలో లెక్కలు పోయాయి, సప్లిమెంటరీలో గట్టెక్కింది. కానీ లెక్కలు పోయిన రోజు ఇంటికి పోయి కూర్చోలేదు. నా దగ్గరికి వచ్చి, "మేడం, నర్సు పనికి లెక్కలు ఎంతవరకు కావాలి?" అని అడిగింది. ఆ ప్రశ్న వినగానే ఈ పిల్ల ఆగదని నాకు తెలిసిపోయింది. ఫెయిలయిన పిల్లలు మామూలుగా నేను పనికిరానా మేడం అని అడుగుతారు. ఈమె, పనికి ఇది ఎంత కావాలి అని అడిగింది. రెండు ప్రశ్నలకు ఉన్న తేడా మీరే చూడండి. తర్వాత ఇంటర్ ఒకేషనల్‌లో ఆరోగ్య కార్యకర్త కోర్సులో చేరింది.

వరద ఆమెకు మేలు చేసిందని మాత్రం అనకండి. ఆ వరదలో వాళ్ల మేనమామ ఇల్లు పడిపోయింది, గిత్త కొట్టుకుపోయింది. వరద రాకుండా ఒక మామూలు రోజున, మామూలు క్లాసులో, అమ్మా నీ కోయ మాకు కావాలి, ఈ మొక్కను మీ ఊళ్లో ఏమంటారో చెప్పు అని ఎవరైనా అడిగి ఉంటే అదే బలం మూడేళ్ల ముందే బయటపడేది. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 4 లక్షల పైచిలుకు. అంతమందికి ఆసుపత్రిలో, కోర్టులో, బ్యాంకులో, మండలాఫీసులో మధ్యవర్తి కావాలి. మీ నోట్లో ఉన్న భాషకు అంత పని ఉంది. ఇంట్లో మాట్లాడటానికి సిగ్గుపడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. ఇది కోయ వాళ్లకే కాదు, గోండి, కొలామి, సవర మాట్లాడే పిల్లలకూ వర్తిస్తుంది.

ఇంకొక తమ్ముడి సంగతి. ఇతను ఇక్కడే ఉన్నాడు కాబట్టి అతని అనుమతి అడిగే చెబుతున్నాను. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా కరోనా వచ్చింది. క్లాసులు ఫోన్లో అన్నారు. ఇంట్లో ఉన్నది బటన్ల ఫోన్, గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ లేదు. చదువు ఆగిపోయింది. రెండేళ్లు ఊళ్లో ఖాళీగా తిరిగాడు. ఏం చేశాడో నేను చెప్పను, మీకు తెలుసు, ఇప్పసారా ఎక్కడ దొరుకుతుందో మీకూ తెలుసు. అమ్మానాన్నలకు భయం పట్టుకుంది.

2021 చివర్లో పోడు భూముల దరఖాస్తులు తీసుకున్నారు. ఊళ్లో ఫారం నింపేవాడు లేడు. బయటి నుంచి వచ్చిన ఒకాయన ఒక్కో ఫారానికి డబ్బు అడిగాడు. అప్పుడు పటేల్ ఈ పిల్లాణ్ని పిలిచి, నువ్వు పది పాసయ్యావు కదరా, కూర్చో అన్నాడు. కూర్చున్నాడు. మొదటి రోజు రెండు ఫారాలు పాడయ్యాయి. తర్వాత చట్టం పుస్తకం తెచ్చుకుని చదివాడు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం భూమి 2005 డిసెంబర్ 13 నాటికి మన సాగులో ఉండాలి, నాలుగు హెక్టార్ల వరకు హక్కు అడగవచ్చు, రుజువులు ఒకటి కంటే ఎక్కువ పెట్టాలి. కాగితాలు లేని చోట ఊరి పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అదీ ఒక రుజువు. ఈ చివరి సంగతి అతనికి పట్టుబడింది. పెద్దల దగ్గర కూర్చుని ఏ చెట్టు ఎవరి తాత నాటాడు, ఏ గట్టు ఎప్పుడు వేశారు, ఏ వాగు పక్కన ఎవరి కొట్టం ఉండేది అని అడిగి రాసుకున్నాడు. వాళ్లు కోయలో చెబుతారు, ఇతను తెలుగులో రాస్తాడు. ఊరి చరిత్ర అంతా ఆ నెల రోజుల్లో అతని నోట్‌బుక్కులోకి వచ్చింది.

అందరికీ పట్టాలు వచ్చాయా అంటే రాలేదు. కొన్ని వచ్చాయి, కొన్ని తిప్పి పంపారు. తిప్పి పంపిన వాటికి మళ్లీ రాస్తున్నాడు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టాడు. తాగుడు పూర్తిగా మానాడా అని అడగకండి, అది అతనికీ వాళ్లమ్మకూ మధ్య విషయం. పొద్దున్నే లేచి ఇంటి ముందు నలుగురు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటే మనిషి ముఖం కడుక్కోక తప్పదు, అంతవరకు నేను చెప్పగలను.

ఆ తమ్ముణ్ని చూసినప్పుడు నాకు కొమురం భీం గుర్తొస్తాడు. విగ్రహంలో తుపాకీ పట్టుకున్న భీంను మీరు చూశారు. ఇల్లు వాకిలి వదిలి పారిపోయిన రోజుల్లో చదవడం, రాయడం నేర్చుకున్నాడని, అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లి పనిచేశాడని చెప్పుకునే భీంను ఎంతమంది తలుచుకుంటారు? తిరిగొచ్చి తన గోండు గూడేల భూమి కోసం నిలబడ్డాడు. నిజాం దొరకు అర్జీ చెప్పుకోవాలని హైదరాబాద్ దాకా వెళ్లాడు, కలవనివ్వలేదు. 1940లో జోడేఘాట్‌లో చంపేశారు. ఆ తర్వాతే నిజాం సర్కారు గోండులకు ఎందుకు ఇంత కోపం వచ్చిందో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, గోండు యువకులకే పంతులు శిక్షణ ఇప్పించి, గోండి భాషలో పాఠాలు చెప్పించాడు. ప్రాణం పోయిన ఒక మనిషి వెనకాల బడి వచ్చింది. అంత ఖరీదు పెట్టి వచ్చిన బడిని మనం సెలవుల తర్వాత తిరిగి రాకుండా వదిలేస్తున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆటల పిల్లలకు ఒక మాట. కూనవరం మండలం నుంచి వెళ్లిన కుంజా రజిత మన కోయ బిడ్డ. 2021లో నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్ 20 అథ్లెటిక్స్‌లో 4×400 మీటర్ల రిలేలో భారత్ తరఫున పరిగెత్తింది. జట్టుకు నాలుగో స్థానం వచ్చింది, పతకం రాలేదు. నేను ఈ నాలుగో స్థానాన్నే మీకు చెప్పాలనుకున్నాను. రిలేలో ఎవరి బలం ఎంతో ఒక్కరే పరిగెత్తి తేల్చలేరు. వెనక నుంచి బ్యాటన్ పట్టుకుని ఒకమ్మాయి వస్తూ ఉంటుంది, ముందు ఇంకొకమ్మాయి చెయ్యి వెనక్కి చాచి నిలబడి ఉంటుంది. ఆ మధ్యలో కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఇక రజిత ఊరున్న వైపు 2014లో పోలవరం ముంపు ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. అక్క ఇల్లు ఒక రాష్ట్రం, చెల్లె ఇల్లు ఒక రాష్ట్రం అయిపోయాయి. అక్కడి నుంచి ఇవాళ ఈ సభకు వచ్చిన పిల్లలున్నారు. మీ ఊళ్లలో పునరావాసం జాబితాలు చదివి పెట్టేవాళ్లు కావాలి. ఏ ఇంట్లో ఎవరికి 18 నిండాయి, ఎవరి పేరు తప్పిపోయింది అని చూసేవాళ్లు కావాలి. ఆ పని మీ కోసం కాచుకుని ఉంది.

పని అంటే ఉద్యోగం ఒక్కటే అనుకోకండి. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారు డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మ కథలు, మన వేల్పుల కథలు పాడేవారు. ఆ పాట నెలజీతం ఇచ్చేది కాదు. వేల్పు కొలుపుకు ఊరికి ఆయన కావాలి, అందుకని పాడారు. 2022లో పద్మశ్రీ ఇంటికొచ్చింది. రాకపోయినా పాడేవారు.

చివరగా, వార్డెన్‌గా మాట్లాడతాను. బలం గురించి ఇంత మాట్లాడాక కొందరు పిల్లలు ఒక్కరే కూర్చుని, నాకు బలం లేదు కాబట్టే ఇట్లా ఉన్నాను అనుకుంటారు. అట్లా అనుకునే వాళ్ల ముఖాలు నాకు తెలుసు. అన్నం సగంలో లేస్తారు, స్టడీ అవర్‌లో ఒకే పేజీ తెరిచి ఉంచుతారు. పరీక్షల ఫలితాలు వచ్చే రోజున నేను డార్మిటరీ తలుపు దగ్గరే మంచం వేసుకుంటాను. మనసు బాగాలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో బలవంతంగా పెళ్లి చేస్తున్నా, ఎవరైనా కొడుతున్నా, చెయ్యకూడని పని చేస్తున్నా 1098. ఈ రెండు నంబర్లు హాస్టల్ గోడ మీద రాసి ఉన్నాయి. మీ ఊరి బోరింగు పక్క గోడ మీద కూడా రాయండి. సున్నం నేనిస్తాను.

ఇక ముగిస్తాను, డోలి వాళ్లు చాలాసేపటి నుంచి ఎదురు చూస్తున్నారు. బయట నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద ఒక కాగితం పెట్టాను. జూన్‌లో బడి తెరిచినా ఇప్పటికీ రాని మా పిల్లలు 11 మంది. పేర్లు రాయలేదు, ఊళ్లు మాత్రమే రాశాను. మీ ఊరి దగ్గరి ఊరు కనబడితే పక్కన మీ పేరు, ఫోన్ నంబరు రాయండి. వచ్చే ఆదివారం నేనూ మీతో వస్తాను. ఇద్దరిద్దరుగా పోదాం, ఆడపిల్లల ఇళ్లకు చెల్లెళ్లలో ఒకరు తప్పనిసరిగా ఉండాలి. అందులో మూడు ఊళ్లకు ఆటో పోదు, కాబట్టి మోటార్ సైకిల్ ఉన్న తమ్ముళ్లు ముందు రాయండి. పెట్రోలు సంగతి సంఘం వాళ్లతో మాట్లాడాను, ఇస్తామన్నారు. పెన్ను దారంతో బల్లకే కట్టి ఉంది, తీసుకుపోకండి.